ఒంట్లో తుఫాను... కంట్రోల్ రూమ్ ఎక్కడుంది?

ఫోన్ తెరిస్తే చాలు, ‘ఇమ్యూనిటీ పెంచుకోండి’ అంటూ ఒక ప్రకటన. పొడి, కషాయం, చప్పరించే గమ్మీ... ఏది కొన్నా పెరిగిపోతుందట! కానీ కొవిడ్‌తో ఆక్సిజన్ దాకా వెళ్లిన ఎంతోమందిని దెబ్బతీసింది వైరస్ ఒక్కటే కాదు. అదుపు తప్పిన సొంత ఇమ్యూనిటీ కూడా. దానికే డాక్టర్లు ‘సైటోకైన్ తుఫాను’ అని పేరు పెట్టారు. ఆ తుఫాను ఎప్పుడు లేవాలి, ఎంత లేవాలి, ఎప్పుడు ఆగాలి అన్నది తేల్చే ప్రొటీన్లు కొన్ని మన కణాల్లోనే ఉన్నాయి. చిత్రం ఏంటంటే, వాటిలో చాలావాటికి సొంతంగా ఏ పనీ చేతకాదు!

బందరులో ఒకటో నంబరు

తుఫాను అంటే కృష్ణా డెల్టా వాళ్లకు కొత్తగా చెప్పేదేముంది? 1977 నవంబర్ 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు అధికారిక లెక్కల్లోనే పది వేల మంది దాకా చనిపోయారు. ఆ రాత్రి గురించి ఇప్పటికీ నాగాయలంక, అవనిగడ్డ వైపు పెద్దవాళ్లను అడిగితే గొంతు పూడుకుపోతుంది.

ఇప్పుడు పరిస్థితి వేరు. బందరులో డాప్లర్ రాడార్ ఉంది. ఓడరేవులో ఒకటో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేస్తే ఆ వార్త నిమిషాల్లో ప్రతి ఫోన్‌లోకీ వచ్చేస్తుంది. కలెక్టరేట్‌లో కంట్రోల్ రూమ్ తెరుస్తారు. రెవెన్యూ, పోలీసు, కరెంటు, మత్స్యశాఖ... అన్ని శాఖల వాళ్లూ ఒకే గదిలో కూర్చుంటారు.

ఇక్కడ ఒక్క విషయం గమనించండి. ఆ గది సొంతంగా చేసే పనేం లేదు. పడవ నడపదు, చెట్టు నరకదు, అన్నం వండదు. కానీ గది లేకపోతే? పోలీసు ఒకచోట, లైన్‌మన్ ఒకచోట, తహసీల్దారు ఇంకోచోట. అందరూ ఉన్నా పని జరగదు. ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలి, ఎవరి మాట ఎవరికి ముందు చేరాలి అన్నది ఆ గదే తేలుస్తుంది.

మన ఇమ్యూన్ కణాల్లో ఆ గది పని చేసేవే స్కాఫోల్డ్ ప్రొటీన్లు.

సరుగుడు కర్రల పరంజా

స్కాఫోల్డ్ అంటే పరంజా. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీలు నిలబడటానికి సరుగుడు కర్రలతో కడతారే, అదే. బందరు తీరంలో సరుగుడు తోటలు చూసిన వాళ్లకు ఆ కర్రలు ఎటు పోతాయో తెలుసు. పరంజా గోడ కట్టదు. మేస్త్రీని, ఇటుకను, సిమెంటు గమేళాను సరైన ఎత్తులో ఒక్కచోటికి చేరుస్తుంది.

కణం లోపల కూడా ఇదే సమస్య. ఒక కణంలో వేల రకాల ప్రొటీన్లు గుంపుగా తిరుగుతుంటాయి. వాటిలో ఒక ఎంజైమ్ తనకు కావాల్సిన ఇంకో ప్రొటీన్‌ను వెతుక్కుంటూ పోవాలంటే జాతరలో తప్పిపోయిన తమ్ముణ్ని వెతికినట్టే. పైగా అదే ఎంజైమ్‌ను కణం నాలుగైదు పనులకు వాడుకుంటుంది. ఏ పనికి పిలిచారో తెలియకపోతే గందరగోళం. స్కాఫోల్డ్ ప్రొటీన్‌కు ఒళ్లంతా కొక్కేలు. ఒక్కో కొక్కేనికి ఒక్కో ప్రొటీన్ తగులుకుంటుంది. అలా ఒకే జట్టును పక్కపక్కన నిలబెట్టి, ‘ఈసారి పని ఇదీ’ అని ఖరారు చేస్తుంది. వేగం, వరస, హద్దు... మూడూ దాని చేతుల్లోనే.

గుడివాడ జంక్షన్ లాంటి ప్రొటీన్

దీనికి బాగా తెలిసిన ఉదాహరణ టీ కణాల్లో ఉండే ‘లాట్’ అనే ప్రొటీన్. దీన్ని 1998లో అమెరికాలో లారెన్స్ సామెల్సన్ బృందం గుర్తించింది.

టీ కణం అంటే మన రక్తంలో తిరిగే గస్తీ పోలీసు. వైరస్ సోకిన కణం తన పైన వైరస్ ముక్కను ప్రదర్శిస్తుంది. టీ కణం తన రిసెప్టార్‌తో ఆ ముక్కను తడిమి చూస్తుంది. తగులుకుంటే లోపల మొదట ‘ఎల్‌సీకే’ అనే ఎంజైమ్, తర్వాత ‘జాప్-70’ అనే ఎంజైమ్ నిద్ర లేస్తాయి. జాప్-70 వెళ్లి లాట్ మీదున్న కొక్కేలకు ఫాస్ఫేట్ అనే చిన్న ముద్ర వేస్తుంది. వాటిలో ముఖ్యమైన కొక్కేలు నాలుగు. ముద్ర పడగానే అవి తెరుచుకుంటాయి. ఒక దానికి కణంలో కాల్షియం పెంచే ఎంజైమ్ తగులుకుంటుంది. మిగతా వాటికి కణాన్ని విభజించమని చెప్పే జట్టు, కణం ఆకారాన్ని మార్చే జట్టు వచ్చి చేరతాయి.

గుడివాడ జంక్షన్‌ను గుర్తు చేసుకోండి. బందరు లైను, బెజవాడ లైను, భీమవరం లైను అక్కడ కలుస్తాయి. జంక్షన్ తనంతట తాను ఎక్కడికీ కదలదు. కానీ అది లేకపోతే బందరులో బండెక్కిన వాడు భీమవరం ఎలా చేరతాడు? లాట్ కూడా అంతే. ఒక్క రిసెప్టార్ నుంచి వచ్చిన కబురు అక్కడే మూడు దారులుగా చీలుతుంది. లాట్ జీన్ తీసేసిన చిట్టెలుకల్లో పరిపక్వమైన టీ కణాలే తయారు కాలేదు. జంక్షన్ మూసేస్తే ఒక్క బండే కాదు, మొత్తం లైన్లే ఆగిపోయాయన్నమాట.

కావాలనే నెమ్మదిగా!

ఇప్పుడు అసలు కిటుకు. టీ కణం రోజంతా తడిమేవాటిలో దాదాపు అన్నీ మన సొంత ముక్కలే. శత్రువు ముక్క వేలల్లో ఒకటి. రెండూ చూడటానికి దాదాపు ఒకేలా ఉంటాయి. తేడా ఎక్కడంటే, సొంత ముక్క రిసెప్టార్ నుంచి ఇట్టే జారిపోతుంది. శత్రువు ముక్క మరికొన్ని సెకన్లు అంటిపెట్టుకుని ఉంటుంది. అంతే! ఆ కొద్ది సెకన్ల తేడాతో ‘వీడు మనవాడు, వాడు పగవాడు’ అని తేల్చాలి.

ఆ గడియారం ఎక్కడుందో 2019లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో ఆర్థర్ వైస్ బృందం చూపించింది. లాట్ మీదున్న నాలుగు కొక్కేల్లో 132వ స్థానంలోది కాల్షియం దారికి సంబంధించింది. దాని మీద ముద్ర పడటానికి మిగతా వాటికన్నా ఎక్కువ సమయం పడుతుంది. దాని పక్కనున్న ఒక్క అమైనో ఆమ్లమే అందుకు కారణం. సొంత ముక్క అయితే ఆ ముద్ర పడేలోపే జారిపోతుంది, కబురు అక్కడితో చచ్చిపోతుంది. శత్రువు ముక్క అయితే ముద్ర పడేదాకా నిలబడుతుంది. పరిశోధకులు ఆ పక్క అమైనో ఆమ్లాన్ని మార్చి ముద్ర త్వరగా పడేలా చేశారు. అప్పుడేమైంది? టీ కణాలు మామూలుగా పట్టించుకోని బలహీనమైన ముక్కలకు, సొంత ముక్కలకు కూడా స్పందించడం మొదలుపెట్టాయి.

అంటే మన ఒంట్లో ఆ ఆలస్యం లోపం కాదు, రక్షణ. ఆ కొక్కేనికి కూడా ‘స్పీడ్ బూస్టర్’ ఇస్తే మన పోలీసు మన ఇంటివాళ్లనే అరెస్టు చేస్తాడు.

ఎక్కువైతే తగ్గుతుంది, తగ్గితే పెరుగుతుంది

పది కంట్రోల్ రూములు పెట్టారనుకోండి. కలెక్టర్ ఒక గదిలో, ఎస్పీ ఇంకో గదిలో, కరెంటు ఇంజినీరు మూడో గదిలో కూర్చుంటారు. గదులు పెరిగాయి, పని ఆగింది. కణంలోనూ స్కాఫోల్డ్ ప్రొటీన్ మరీ ఎక్కువైతే ఇదే జరుగుతుంది. ఒక్కో పరంజా మీద సగం జట్టే ఉంటుంది. కబురు బలహీనపడుతుంది. ఎక్కువ వేస్తే ఎక్కువ వస్తుందనే లెక్క ఇక్కడ పనిచేయదు.

దీనికి తిరగేసిన కథ ఇంకా ఆశ్చర్యం. 2002లో రెండు బృందాలు చిట్టెలుకల లాట్‌లో ఒకే ఒక్క కొక్కేన్ని పాడు చేశాయి. అదీ కాల్షియం దారికి సంబంధించిన కొక్కెమే. మిగతా మూడూ భద్రం. ఒక కొక్కెం పోయింది కాబట్టి ఇమ్యూనిటీ కాస్త తగ్గుతుందని ఎవరైనా అనుకుంటారు. కానీ ఆ ఎలుకల్లో టీ కణాలు అడ్డూ అదుపూ లేకుండా పెరిగిపోయాయి. ప్లీహం, లింఫ్ గ్రంథులు ఉబ్బిపోయాయి. ఎందుకంటే లాట్ ‘పరిగెత్తు’ అని మాత్రమే చెప్పదు, ‘ఇక ఆగు’ అని చెప్పే జట్టుకు కూడా అదే కూర్చునే చోటు. ఇమ్యూనిటీని ఒక నాబ్ తిప్పి పెంచే వాల్యూమ్‌లా చూపించే ప్రకటనలు ఎక్కడ తప్పుతాయో ఈ ఒక్క ప్రయోగం చెబుతుంది.

కొత్తగూడెం అమ్మాయి, మెంఫిస్ ల్యాబ్

టీ కణాలు రంగంలోకి దిగడానికి రోజులు పడుతుంది. అంతకన్నా ముందు, గంటల్లోనే కదిలేవి మాక్రోఫేజ్‌లు. వాటిలోనూ ఒక పరంజా ఉంది. దాని కథలో మన తెలుగు పేరు మారుమోగుతుంది... డాక్టర్ తిరుమలాదేవి కన్నెగంటి.

కొత్తగూడెంలో సింగరేణి కాలరీస్ మహిళా కళాశాలలో డిగ్రీ. ఉస్మానియాలో ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ. మొదట్లో ఆమె చదివింది మనుషుల జబ్బుల గురించి కాదు, మొక్కలకు తెగుళ్లు తెచ్చే శిలీంధ్రాల గురించి. అమెరికా వెళ్లాక కూడా మొదట మొక్కల రక్షణ వ్యవస్థ మీదే పనిచేశారు. మిషిగన్ యూనివర్సిటీకి వచ్చాక మనుషుల, జంతువుల ఇమ్యూనిటీ వైపు మళ్లారు. 2007 నుంచి మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ చిల్డ్రన్స్ రీసెర్చ్ హాస్పిటల్‌లో సొంత ల్యాబ్ నడుపుతున్నారు.

ఆమె పట్టుకున్న విషయం ‘ఇన్‌ఫ్లమసోమ్’. ఈ పేరు పెట్టింది స్విట్జర్లాండ్‌లో యుర్గ్ చోప్ బృందం, 2002లో. మాక్రోఫేజ్ లోపల ‘ఎన్‌ఎల్‌ఆర్‌పీ3’ అనే సెన్సర్ ప్రమాదాన్ని పసిగడుతుంది. వెంటనే ‘ఏఎస్‌సీ’ అనే ప్రొటీన్‌ను పిలుస్తుంది. ఏఎస్‌సీకి రెండు చేతులు. ఒక చేత్తో సెన్సర్‌ను, రెండో చేత్తో ‘కాస్పేజ్-1’ అనే కత్తెర ఎంజైమ్‌ను పట్టుకుంటుంది. కణమంతా చెల్లాచెదురుగా ఉన్న ఏఎస్‌సీ నిమిషాల్లో ఒక్క చుక్కగా గుమిగూడుతుంది. ఆ చుక్క సైజు సుమారు ఒక మైక్రాన్. మన తల వెంట్రుక మందంలో డెబ్బయ్యో వంతు కూడా ఉండదు.

ఒంటరిగా ఉన్నప్పుడు కాస్పేజ్-1 పదునులేని కత్తెర. ఆ చుక్క మీద పక్కపక్కన చేరినప్పుడే పదునెక్కుతుంది. అప్పుడది రెండు పనులు చేస్తుంది. ఐఎల్-1 బీటా అనే సైటోకైన్‌ను కత్తిరించి బయటికి పంపిస్తుంది. అదే మెదడుకు చేరి మనకు జ్వరం తెప్పించే కబుర్లలో ఒకటి. రెండోది, గ్యాస్‌డెర్మిన్-డి అనే ప్రొటీన్‌ను కత్తిరిస్తుంది. అది కణం గోడకు చిల్లులు పెడుతుంది. కణం పేలిపోయి, లోపల దాక్కున్న క్రిమికి చోటు లేకుండా చేస్తుంది.

2006లో ‘నేచర్’ పత్రికలో కన్నెగంటి, సహచరులు ప్రచురించిన పేపర్ ఈ సెన్సర్ బ్యాక్టీరియా ఆర్‌ఎన్‌ఏకు స్పందించి కాస్పేజ్-1ను లేపుతుందని చూపించింది. ఆ సంవత్సరమే చోప్ బృందం కీళ్లలో పేరుకునే యూరిక్ యాసిడ్ స్ఫటికాలు కూడా ఇదే పరంజాను కట్టిస్తాయని తేల్చింది. అర్ధరాత్రి కాలి బొటనవేలు వాచి దుప్పటి తగిలినా ప్రాణం పోయేంత నొప్పి పుట్టించే గౌట్‌కు వెనక ఉన్నది ఈ చుక్కే. 2009లో కన్నెగంటి ల్యాబ్ ఫ్లూ మీద చేసిన ప్రయోగంలో ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 లేని చిట్టెలుకలు మామూలు వాటికన్నా ఎక్కువగా చనిపోయాయి. పరంజా లేకపోతే ఫ్లూ చంపుతుంది. ఊరికే కట్టుకుంటే గౌట్ చంపుకు తింటుంది.

రెండూ కలిసినప్పుడే...

తర్వాత కథ ఇంకో మలుపు తిరిగింది. కణం చావడానికి మూడు దారులున్నాయని, అవి వేర్వేరని అప్పటిదాకా పుస్తకాల్లో రాసేవారు. ఈ మూడు దారుల జట్లూ ఒకే పెద్ద పరంజా మీద కలిసి కూర్చోగలవని కన్నెగంటి ల్యాబ్ వాదించింది. 2019లో దానికి ‘పానాప్టోసిస్’ అని పేరు పెట్టారు. ఆ పరంజా పేరు పానాప్టోసోమ్.

అంతలో కొవిడ్ వచ్చింది. తీవ్రమైన రోగుల రక్తంలో ఎన్నో సైటోకైన్లు ఒకేసారి పెరిగి కనిపిస్తున్నాయి. అసలు దొంగ ఎవరు? ఆమె బృందం వాటిని ఒక్కొక్కటిగా మాక్రోఫేజ్‌ల మీద పరీక్షించింది. ఏ ఒక్కటీ కణాలను పెద్దగా చంపలేదు. కానీ టీఎన్‌ఎఫ్, ఇంటర్ఫెరాన్ గామా రెండూ కలిపి ఇచ్చినప్పుడు కణాలు కుప్పలుగా చచ్చాయి. చచ్చిన కణాల నుంచి మళ్లీ సైటోకైన్లు, వాటితో మళ్లీ చావులు. ఇదే తుఫాను తిరిగే సుడి. ఈ రెండింటినీ కలిపి అడ్డుకునే యాంటీబాడీలు ఇచ్చినప్పుడు కరోనా సోకిన చిట్టెలుకల్లో మరణాలు తగ్గాయి. ఈ ఫలితాలు 2021 జనవరిలో ‘సెల్’ పత్రికలో వచ్చాయి.

మందు అదే, సమయమే తేడా

ఈ సైన్స్ ల్యాబ్‌లోనే ఆగిపోలేదు. 2020 జూన్‌లో బ్రిటన్‌లో జరిగిన ‘రికవరీ’ ట్రయల్ ఫలితం గుర్తుందా? డెక్సామెథసోన్ అనే చవకైన స్టెరాయిడ్ వెంటిలేటర్ మీదున్న వాళ్లలో మరణాలను మూడో వంతు, ఆక్సిజన్ మీదున్న వాళ్లలో ఐదో వంతు తగ్గించింది. కానీ ఆక్సిజన్ అవసరం లేని వాళ్లకు ఏ లాభమూ కనిపించలేదు. తుఫాను లేచాక ఆ మందు ప్రాణం కాపాడుతుంది. లేవకముందే వేసుకుంటే వైరస్‌తో పోరాడాల్సిన కంట్రోల్ రూమ్‌కే తాళం వేసినట్టు.

పరంజాకు ఇంకాస్త దగ్గరగా వెళ్లే మందులూ ఉన్నాయి. ఇంటర్ఫెరాన్ కబురును కణం లోపలికి మోసే జాక్ ఎంజైములను బారిసిటినిబ్ అనే మాత్ర అడ్డుకుంటుంది. కొవిడ్ రెండో వేవ్‌లో, 2021 మేలో, హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఫార్మాకు దాన్ని తయారు చేసేందుకు అత్యవసర అనుమతి వచ్చింది.

క్యాన్సర్ చికిత్సలో అయితే ఏకంగా కొత్త పరంజానే కడుతున్నారు. రోగి టీ కణాలను బయటికి తీసి, క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టే కృత్రిమ రిసెప్టార్‌ను అమర్చి తిరిగి ఎక్కించడమే కార్-టీ చికిత్స. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ సెంటర్‌ల కృషితో తయారైన మన దేశపు మొదటి కార్-టీ చికిత్స నెక్స్‌కార్19కు 2023 అక్టోబర్‌లో అనుమతి వచ్చింది. దీనిలోనూ డాక్టర్లు కళ్లు కాయలు కాసేలా కాపలా కాసేది దేని కోసమో తెలుసా? సైటోకైన్ తుఫాను కోసమే.

మడిలో దిగే కాళ్లకు

ఇదంతా మెంఫిస్, ముంబయి సంగతి కదా అనుకోకండి. వాన కురిసి మురుగు కాలవలు పొంగితే దివిసీమ మడుల్లో, గుడివాడ చుట్టుపక్కల పల్లపు వీధుల్లో ఏం జరుగుతుందో మీకు తెలుసు. ముంపు నీళ్లలో ఎలుకల మూత్రం కలిస్తే లెప్టోస్పైరా అనే బ్యాక్టీరియా కాళ్ల పగుళ్లలోంచి ఒంట్లోకి దూరుతుంది. మనవాళ్లు ఎలుక జ్వరం అంటారే, అదే. మాక్రోఫేజ్ మీదుండే టీఎల్‌ఆర్4 అనే సెన్సర్ చాలా బ్యాక్టీరియాల పైపొరను ఇట్టే పట్టేస్తుంది. లెప్టోస్పైరా పైపొరను మాత్రం మనుషుల సెన్సర్ గుర్తించలేదు. రాడార్‌కు చిక్కని మబ్బు లాంటిదన్నమాట. హెచ్చరిక ఆలస్యమయ్యేలోపు అది కాలేయం, కిడ్నీల దాకా వెళ్లిపోతుంది. ముందే పట్టుకుంటే మామూలు యాంటీబయాటిక్స్‌తో తగ్గే జబ్బు ఇది.

డెంగీ సంగతి ఇంకోలా ఉంటుంది. జ్వరం తగ్గింది కదా అని ఊపిరి పీల్చుకునే రోజుల్లోనే, అంటే మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య, రక్తనాళాల నుంచి ద్రవం కారడం మొదలవుతుంది. దానిలో పెద్ద పాత్ర మన ఇమ్యూనిటీ స్పందనదే. అందుకే కొన్ని విషయాలు ఫోన్‌లో సేవ్ చేసుకోండి.

• ముంపు నీళ్లలో, మడిలో దిగినవాళ్లకు తర్వాత జ్వరం, ఒళ్లునొప్పులు, కళ్లు ఎర్రబడటం కనిపిస్తే డాక్టర్‌కు ‘నీళ్లలో దిగాను’ అని తప్పకుండా చెప్పాలి. ఆ ఒక్క మాటే సగం పరీక్ష.

• డెంగీ అనుమానం ఉంటే పారాసెటమాల్ తప్ప ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ లాంటి నొప్పి మాత్రలు వద్దు. జ్వరం తగ్గాక కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, విపరీతమైన నీరసం ఉంటే క్షణం ఆగకూడదు.

• మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న స్టెరాయిడ్ మాత్ర జ్వరాన్ని ఇట్టే దించేస్తుంది. దించింది జబ్బును కాదు, హెచ్చరిక జెండాను. డాక్టర్ రాయకుండా వాడొద్దు.

• వాడుతున్న వాళ్లు డాక్టర్‌ను అడగకుండా ఉన్నట్టుండి మానేయొద్దు కూడా.

మరి ఇమ్యూనిటీకి ఏం చేయాలి? వేళకు తిండి, నిద్ర, టీకాలు. పాతబడిన మాటలే. కానీ టీకా చేసే పని ఆలోచించండి. అది వాల్యూమ్ పెంచదు. ఏ శత్రువు వస్తే ఎవరు కదలాలో ముందుగానే డ్రిల్ చేయిస్తుంది. దివిసీమలో తుఫాను షెల్టర్లు కట్టి, హెచ్చరిక వ్యవస్థను సరిచేసుకున్నాక ప్రాణనష్టం తగ్గింది. సముద్రం బలం ఏమీ తగ్గలేదు, మన ఏర్పాటు మారింది. ఈసారి ‘ఇమ్యూనిటీ బూస్టర్’ ప్రకటన కనిపిస్తే ఒక్క ప్రశ్న వేసుకోండి... ఇది ఏ పరంజాను కడుతోంది, ఎప్పుడు విప్పుతుంది? జవాబు లేకపోతే వేలు పైకి జరపడమే మంచిది.